కాగితం మీది మెదడు గీతలు కంప్యూటర్‌లోకి ఎక్కేదెలా?

పోయిన నెల ఈఈజీ పరీక్ష (తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు విద్యుత్ తరంగాలను గీతలుగా నమోదు చేసేది) గురించి రాస్తూ చివర్లో ఒక మాట అనేశాను, పెన్నులతో గీసిన పాత కాగితాలను కూడా ఇప్పుడు అంకెలుగా మార్చి కంప్యూటర్‌తో విశ్లేషించవచ్చని. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా వ్యాసం మొత్తానికి రాలేదు. అందుకే ఈ నెల పేజీ అంతా దీనికే. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాను. సెల్‌ఫోన్ బ్యాటరీ ఎందుకు ఉబ్బుతుందని అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మా డిపార్ట్‌మెంట్ స్టోర్ రూములో 1986 నుంచి 1997 దాకా తీసిన ఈఈజీ కాగితాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. వీటిని డిజిటైజ్ చేసి కంప్యూటర్‌తో విశ్లేషించి థీసిస్ రాయమన్నారు మా గైడ్. స్కాన్ చేస్తే సరిపోతుందా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? – న్యూరాలజీ పీజీ విద్యార్థిని, రాయలసీమ

జవాబు: డాక్టరమ్మా, స్కాన్ చేస్తే వచ్చేది ఫొటో, డేటా కాదు. ఆ ఫొటోలో కంప్యూటర్‌కి కనిపించేవి తెల్ల చుక్కలు, నల్ల చుక్కలు, అంతే. అది ఆల్ఫా తరంగమో (కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు సెకనుకు 8 నుంచి 13 దాకా వచ్చేది) టీ కప్పు మరకో దానికి తెలీదు. మీకు కావాల్సింది ఫలానా క్షణంలో ఫలానా ఛానెల్‌లో (ఒక్కో పెన్ను గీసే ఒక్కో గీత) ఇన్ని మైక్రోవోల్టులు అని చెప్పే అంకెల వరుస. ఫొటో దగ్గర్నుంచి ఆ వరుస దాకా నడవడమే అసలు పని, స్కానింగ్ అందులో చాలా చిన్న ముక్క.

కాబట్టి స్కానర్ జోలికి పోకముందు ఒక కట్ట విప్పి మొదటి పేజీలు టేబుల్ మీద పరవండి. అన్ని గీతలూ ఒకేసారి మెట్టులా పైకి లేచి, మెల్లగా జారి, మళ్ళీ కిందికి దిగే చోటు ఒకటి కనిపిస్తుంది. అదే క్యాలిబ్రేషన్. టెక్నీషియన్ మిషన్‌లోకి తెలిసిన వోల్టేజి, మామూలుగా 50 మైక్రోవోల్టులు, పంపించి పెన్ను ఎంత కదిలిందో కాగితం మీదే సాక్ష్యం రాయించి పెట్టాడన్నమాట. స్కేలు పెట్టి కొలవండి. సెన్సిటివిటీ (పెన్ను ఒక మిల్లీమీటరు కదలడానికి కావాల్సిన వోల్టేజి) మిల్లీమీటరుకు 7 మైక్రోవోల్టులు అయితే ఆ మెట్టు ఎత్తు 7 మిల్లీమీటర్ల మీద వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి, 10 అయితే సరిగ్గా 5 మిల్లీమీటర్లు ఉండాలి. పదహారు ఛానెళ్ళలో పదిహేనింటికి 7 వచ్చి ఒక్కదానికి 6 వచ్చిందంటే ఆ పెన్ను ఆ రోజు బద్ధకించిందని అర్థం, దాని అంకెలన్నిటినీ తర్వాత ఆ మేరకు పెంచుకోవాలి. మెట్టు లేచాక జారిపోయే తీరు కూడా చూడండి. ఎత్తు 37 శాతానికి పడిపోవడానికి పట్టే సమయమే టైమ్ కాన్‌స్టాంట్. అది 0.3 సెకన్లు అని కవరు మీద రాసుంటే, సెకనుకు 30 మిల్లీమీటర్ల వేగంలో 9 మిల్లీమీటర్ల దగ్గర ఆ ఎత్తుకి దిగాలి. దిగకపోతే కవరు మీద రాసింది ఒకటి, మిషన్ మీద పెట్టింది ఇంకొకటి. క్యాలిబ్రేషన్ పేజీ చిరిగిపోయిన కట్టలుంటే వాటి ఎత్తులను నమ్మకండి. తరంగాలు సెకనుకి ఎన్ని అని లెక్కపెట్టుకోవడానికి మాత్రం పనికొస్తాయి.

ఆ తర్వాత కాగితం వేగం. ఇక్కడ నేను పరువు పోగొట్టుకున్న సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక చోట ఇలాంటి కట్టలే డిజిటైజ్ చేస్తుంటే, ఒక రికార్డులో ఆల్ఫా ఉండాల్సిన చోట సెకనుకు 18 తరంగాలు వచ్చాయి. బీటా (ఆల్ఫా కంటే వేగమైన తరంగాలు) ఇంత ఎక్కువ ఉందంటే నిద్రమాత్రల్లాంటివి వాడుతుండాలి అని మేం గంభీరంగా నోట్ కూడా రాసేశాం. అక్కడ పనిచేసే పాత టెక్నీషియన్ ఒకాయన కాగితం అడుగున ఉన్న ఈసీజీ గీత మీద వేలు పెట్టి, "ప్రశాంతంగా కళ్ళు మూసుకుని పడుకున్న మనిషికి గుండె నిమిషానికి 152 సార్లు కొట్టుకుంటుందా సార్?" అన్నారు. ఆ రికార్డు తీసింది సెకనుకు 15 మిల్లీమీటర్ల వేగంతో, మేం లెక్కేసింది 30 అనుకుని. గుండె 76, ఆల్ఫా 9, పేషెంటు శుభ్రంగా ఉన్నాడు. అప్పట్నుంచి ఈసీజీ ఛానెల్ ఉంటే ముందు దాన్నే కొలుస్తాను. అదొక ఉచిత గడియారం. కాగితం ఆదా చేయడానికి కొన్ని చోట్ల 15 మీద నడిపేవాళ్ళు, మధ్యలో కాసేపు 60కి మార్చేవాళ్ళు కూడా, ఆ మార్పు గీత పక్కన పెన్సిల్‌తో రాసుంటుంది. వెతకండి.

ఇప్పుడు స్కానర్. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలు. అంటే మిల్లీమీటరుకు దాదాపు 12 చుక్కలు, కాగితం సెకనుకు 30 మిల్లీమీటర్లు కదిలింది కాబట్టి సెకనుకు సుమారు 354 నిలువు వరసలు. నిలువు దిక్కున, మిల్లీమీటరుకు 7 మైక్రోవోల్టుల లెక్కన, ఒక్కో చుక్క 0.6 మైక్రోవోల్టు. 600 డీపీఐ పెడితే ఇంకా బాగుంటుందిగా అంటారు, ఉండదు. పెన్ను గీత మందమే అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, చుక్కలు ఎన్ని పెంచినా సిరా సన్నబడదు. సెకనుకు 30 తరంగాలుంటే కాగితం మీద ఒక్కో తరంగానికి దక్కే చోటు ఒకే ఒక్క మిల్లీమీటరు, అందులో సగం సిరాయే తినేస్తుంది. కాబట్టి 25, 30 హెర్ట్జ్ (సెకనుకు అన్ని తరంగాలు) దాటిన దేన్నీ పాత కాగితం నుంచి తీశామని థీసిస్‌లో రాయకండి, అడిగే ఎగ్జామినర్ అడిగితే కష్టం. ఎలక్ట్రోడ్ సరిగ్గా అంటుకోని చోట 50 హెర్ట్జ్ కరెంటు దూరి ఉంటే చూడండి, ఒక్కో అలకు 0.6 మిల్లీమీటరే మిగులుతుంది కాబట్టి పెన్ను అక్కడ గీత గియ్యలేదు, నల్ల పట్టీ పూసింది. డిజిటల్ రికార్డులో అయితే ఫిల్టర్ పెట్టి తీసేస్తాం. ఇక్కడ ఆ పట్టీ కింద ఏముందో తీయడానికి ఏ ఫిల్టరూ లేదు, ఆ ముక్క వదిలేయాల్సిందే.

స్కాన్ కలర్‌లోనే చేయండి, బ్లాక్ అండ్ వైట్‌లో కాదు. కన్సల్టెంట్లు ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టి ఉంటారు, రంగు ఉంటేనే ఆ గుండ్రాన్ని గీత నుంచి విడదీయగలం. ఫైలు పీఎన్‌జీ గానో టిఫ్ గానో దాచండి. జేపెగ్ గీత అంచుల్లో బూజులాంటిది చేరుస్తుంది. ఏ4 స్కానర్ పనికిరాదు, 10 సెకన్ల పేజీ 30 సెంటీమీటర్లు, ఏ3 కావాలి. ఇరవై నిమిషాల రికార్డంటే 36 మీటర్ల కాగితం, 120 పేజీలు, అదీ ఒక్క పేషెంటుకి. మొత్తం స్కాన్ చేద్దామని దిగితే మీ పీజీ అయిపోతుంది, కాగితం అవ్వదు. ప్రతి రికార్డులో కళ్ళు మూసుకుని మెలకువగా ఉన్న శుభ్రమైన పేజీలు ఐదో ఆరో, మీకు కావాల్సిన అసాధారణ తరంగాలున్న పేజీలు కొన్ని, వాటితో పాటు క్యాలిబ్రేషన్ పేజీ, ఇంతే తీసుకోండి. ఏ పేజీలు తీసుకోవాలన్నది మాత్రం ముందే నియమంగా రాసి పెట్టుకోండి. లేకపోతే కంటికి అందంగా కనిపించినవే ఏరుకుంటాం.

గీతను అంకెలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. ఇమేజ్‌జే, వెబ్‌ప్లాట్‌డిజిటైజర్, ఎంగేజ్ డిజిటైజర్ ఉచితంగా దొరుకుతాయి, పైథాన్ వచ్చిన స్నేహితుడు ఒకడుంటే ఇంకా మేలు. సూత్రం ఒక్కటే. ప్రతి నిలువు వరసలో ఆ ఛానెల్‌కి చెందిన నల్ల చుక్కలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో చూసి మధ్యబిందువు తీసుకోవడం, దాన్ని మైక్రోవోల్టుల్లోకి మార్చడం. పైకి అంటే నెగెటివ్ అన్నది ఈఈజీ వాళ్ళ ఆనవాయితీ, మీకు తెలిసిందే, కానీ కోడ్ రాసే స్నేహితుడికి తెలీదు, చెప్పండి.

చివరగా, చేసింది సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక చిట్కా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మీ రికార్డుల్లో డబుల్ బనానా మాంటేజ్ ఉండే ఉంటుంది (తెలుగులో జంట అరటిపండు అనాలి కాబోలు). మాంటేజ్ అంటే ఏ ఎలక్ట్రోడ్‌ని దేనితో జతకట్టి గీత గీయాలన్న అమరిక. ఇందులో ఒక్కో ఛానెల్ పక్కపక్కనున్న రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజి తేడా, ఎఫ్‌పీ1, ఎఫ్3 లాంటివి తల మీద ఆ ఎలక్ట్రోడ్లు పెట్టే చోట్ల పేర్లు. ఎడమవైపు ఒక వరస ఎఫ్‌పీ1 నుంచి ఎఫ్3, సీ3, పీ3 మీదుగా ఓ1 దాకా వెళ్తుంది, ఇంకో వరస అదే ఎఫ్‌పీ1 నుంచి ఎఫ్7, టీ3, టీ5 మీదుగా అదే ఓ1 దాకా వెళ్తుంది. బయల్దేరిన ఊరు ఒకటే, చేరిన ఊరూ ఒకటే. కాబట్టి మొదటి నాలుగు ఛానెళ్ళ మొత్తం, రెండో నాలుగు ఛానెళ్ళ మొత్తం ప్రతి క్షణంలోనూ సమానం కావాలి. రెండిటి తేడా తీసి గీయండి, అందులో మిగిలేదంతా పెన్నుల తప్పు, స్కానింగ్ తప్పు, మీ తప్పు, మెదడుది ఏమీ ఉండదు. ఆ తేడా చిన్నదైతే ధైర్యంగా ముందుకెళ్ళండి. కూడికలతో ఎఫ్‌పీ1కీ సీ3కీ మధ్య తేడా లాంటివి కూడా రాబట్టుకోవచ్చు, కానీ ఆ మాంటేజ్‌లో ఎడమ వరసల్ని కుడి వరసలతో ముడిపెట్టే గీతే లేదు కనుక డిజిటల్ రికార్డులో చేసినట్టు మాంటేజ్ ఇష్టమొచ్చినట్టు మార్చేయడం కుదరదు.

మొత్తమ్మీద మీ గైడ్ గారితో మాట్లాడి ప్రశ్నను కాగితానికి తగ్గట్టు పెట్టుకోండి. ఆల్ఫా వేగం వయసుతో, జబ్బుతో ఎలా మారింది, నెమ్మది తరంగాల పాలు ఎంత, ఆబ్సెన్స్ ఫిట్స్‌లో (కాసేపు స్పృహ తప్పి శూన్యంగా చూసే రకం) సెకనుకు 3 వచ్చే స్పైక్-వేవ్ (మొనదేలిన ఒక స్పైక్, వెంటనే ఒక నెమ్మది తరంగం) మొదట్లో ఎంత వేగంగా ఉండి చివరికి ఎంతకు తగ్గింది, ఇలాంటివాటికి కాగితం బ్రహ్మాండంగా జవాబు చెబుతుంది. గామా (30 హెర్ట్జ్ పైనుండే వేగపు తరంగాలు) గురించి అడిగితే కాగితం అబద్ధం చెబుతుంది. ఒక ఛానెల్‌కీ ఇంకో ఛానెల్‌కీ మధ్య ఫేజ్ (ఒకదాని తరంగం ఇంకోదాని కంటే ఎంత ముందో వెనకో), కొహిరెన్స్ (రెండూ ఎంత జతగా నడుస్తున్నాయో) అడిగినా అంతే, అది ఎందుకో కింద జవాబులో చూడండి.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్ళు పెన్ను మిషన్ మీద పనిచేసి రిటైరైన టెక్నీషియన్‌ని. మా పెన్నులు తిన్నగా పైకీ కిందికీ కదిలేవి కావు, గడియారం ముల్లులా వంపు తిరిగేవి. పెద్ద స్పైక్ వస్తే వెనక్కి వాలినట్టు కనిపించేది. మీ కంప్యూటర్ దీన్ని ఎలా చదువుతుంది? ఒక్కో పెన్ను సరిచేసుకోవడానికి మేం ఎన్ని తిప్పలు పడేవాళ్ళమో మీకు తెలుసా? – విశాఖపట్నం

జవాబు: అయ్యా, నమస్కారం. తిప్పలు కొంచెం తెలుసు. సిరా గొట్టంలో గాలిబుడగ ఇరుక్కుని, సరిగ్గా ఫిట్స్ మొదలైన క్షణంలో ఆరో పెన్ను ఎండిపోవడం చూసినవాణ్ణి.

మీరు చెప్పింది చాలా ముఖ్యమైన విషయం, కొత్త పిల్లలు సాధారణంగా దీన్నే మర్చిపోతారు. పెన్ను ఒక చివర బిగించి ఉంటుంది కాబట్టి దాని కొస గీసేది వృత్తంలో ముక్క. పెన్ను పొడవు 12 సెంటీమీటర్లు అనుకుందాం. మధ్య గీత నుంచి 10 మిల్లీమీటర్లు కదిలితే కొస పక్కకు 0.4 మిల్లీమీటరు జరుగుతుంది, అంటే సమయంలో 14 మిల్లీసెకన్లు. పెద్దగా లెక్కలోకి రాదు. అదే 20 మిల్లీమీటర్లు కదిలితే 1.7 మిల్లీమీటర్లు, 56 మిల్లీసెకన్లు. స్పైక్ అనేదే 20 నుంచి 70 మిల్లీసెకన్ల వ్యవహారం కదా, దాని మొన దాదాపు దాని వెడల్పంత పక్కకు జరిగిపోతుంది. కొన్నిసార్లు గీత తన మీద తానే వెనక్కి వాలి, ఒకే నిలువు వరసలో రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. నిలువు వరసకి ఒకే విలువ ఉంటుందని నమ్మి కూర్చున్న ప్రోగ్రామ్ అక్కడ తెల్లమొహం వేస్తుంది. సరిచేయడం కష్టం కాదు, పెన్ను పొడవు తెలిస్తే స్కూలు జ్యామెట్రీ చాలు, ప్రతి చుక్కనీ దాని ఎత్తుని బట్టి వెనక్కి జరపాలి. పెన్ను పొడవు తెలియకపోతే క్యాలిబ్రేషన్ మెట్టుని చూస్తాం, నిటారుగా లేవాల్సిన గీత ఎంత వంగిందో దాన్నుంచి వృత్తం వ్యాసార్థం రాబట్టవచ్చు, కాకపోతే మెట్టు 7 మిల్లీమీటర్లే కనుక వంపు అందులో చాలా కొద్దిగా ఉంటుంది. టెక్నీషియన్లు పెన్నులు పరీక్షించడానికి మోటారు ఆపి చేత్తో పైకీ కిందికీ ఆడించిన గుర్తులు రికార్డు మొదట్లో ఉంటే అవి దీనికి బంగారం. మీలాంటివాళ్ళు ఎవరైనా ఆ అలవాటు పాటించి ఉంటే ఈ రాయలసీమ డాక్టరమ్మ మీకు దణ్ణం పెడుతుంది.

పెన్నులు ఒక వరసలో లేకపోవడం ఇంకో తలనొప్పి. క్యాలిబ్రేషన్ మెట్టు అన్ని ఛానెళ్ళలో ఒకే నిలువు గీత మీద లేవాలి. ఒక పెన్ను అర మిల్లీమీటరు ముందుకి వంగి ఉందనుకోండి, 17 మిల్లీసెకన్ల తేడా. చూడటానికి ఏమీ కాదు, మీ కంటికి కూడా పట్టి ఉండదు. కానీ 10 హెర్ట్జ్ ఆల్ఫాలో 17 మిల్లీసెకన్లంటే 60 డిగ్రీల ఫేజ్. మెదడు వెనక నుంచి ముందుకి తరంగం ప్రయాణిస్తోందని కంప్యూటర్ గొప్పగా ప్రకటిస్తుంది, ప్రయాణించింది నిజానికి పెన్ను. మెట్టు చూసి ఛానెళ్ళను జరపవచ్చు, రికార్డు మధ్యలో ఎవరైనా పెన్ను మార్చి ఉంటే అదీ దక్కదు. అందుకే ఫేజ్ జోలికి పోవద్దని పైన అన్నాను.

ప్రశ్న: మా తమ్ముడికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. 1994లో తీసిన ఈఈజీ కాగితాన్ని అమ్మ బీరువాలో చీరల కింద భద్రంగా దాచింది. ఇన్నాళ్ళకు మళ్ళీ ఒకసారి ఫిట్స్ వచ్చాయి. కొత్త డాక్టరుగారు పాత రిపోర్టులుంటే తెమ్మన్నారు. దీన్ని డిజిటల్ చేయించి తీసుకెళ్తే మంచిదా? లామినేషన్ చేయిద్దామని కూడా అనుకుంటున్నాం. – ఖమ్మం

జవాబు: లామినేషన్ మాత్రం వద్దమ్మా, దయచేసి వద్దు. అది సిరా కాగితం కాక వేడికి నల్లబడే థర్మల్ కాగితం అయితే లామినేషన్ మిషన్‌లోంచి బయటికొచ్చేసరికి నల్లటి అట్ట మిగులుతుంది. సెల్లోటేపు కూడా వేయకండి. డిజిటల్ చేయించడానికి డబ్బు తగలేయకండి. డాక్టరుగారు చూసేది కంటితోనే, ఆయనకు కాగితమే చాలు, అంకెలు అక్కర్లేదు. కాగితం ఎలా మడతలు పడి ఉందో అలాగే తీసుకెళ్ళండి, రివర్సులో మడవకండి, అప్పటి డాక్టరు రాసిన రిపోర్టు, వాడిన మాత్రల చీటీలు ఉంటే వాటితో పాటు. ముందు జాగ్రత్తకి కిటికీ వెలుతురులో టేబుల్ మీద పరిచి, పైనుంచి ఫోన్‌తో ఒక్కో పేజీ ఫొటో తీసి పెట్టుకోండి, మొదటి పేజీ తప్పకుండా. ఇప్పటి పరిస్థితికి కొత్త ఈఈజీ కావాలో వద్దో డాక్టరుగారు చెబుతారు, ముప్పై ఏళ్ళ నాటి కాగితం దాని పని చేయలేదు. అప్పుడు ఫిట్స్ ఏ రకంవో చెప్పడానికి మాత్రం నిజంగా ఉపయోగపడుతుంది. అమ్మ దాచింది మంచి పనే. డాక్టర్లు రికార్డులు మూడేళ్ళు ఉంచాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన, ఆ తర్వాత అమ్మ బీరువానే మన దేశంలో అసలైన మెడికల్ రికార్డ్స్ డిపార్ట్‌మెంట్.

ప్రశ్న: ఇంత కష్టం ఎందుకు సార్, ఏఐకి ఫొటో ఇస్తే అదే గీతలు తీసేస్తుంది కదా? ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇదే చేద్దామనుకుంటున్నాం. ఇది కొత్త ఐడియానేనా? – బీటెక్ విద్యార్థులు, వరంగల్

జవాబు: తమ్ముళ్ళూ, ఐడియా మీ తాతగారి కంటే పాతది. మనిషి మెదడు తరంగాలను జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ మొదటిసారి నమోదు చేసింది 1924లో, ప్రపంచానికి చెప్పింది 1929లో. 1932లోనే డీట్ష్ అనే ఆయన బెర్గర్ గీతలను తీసుకుని, చేత్తో కొలిచి, చేత్తోనే ఫూరియే లెక్కలు (గీతలో ఏ వేగపు తరంగం ఎంత ఉందో విడదీసే గణితం) చేశాడు. కాగితం నుంచి అంకెలు తీయడమంటే అదే మరి, కంప్యూటర్ ఒక్కటే తక్కువ. 1938లో అమెరికాలో గ్రాస్, గిబ్స్ అనే ఇద్దరు ఇంకో అడుగు ముందుకేసి, గీతను నలుపు తెలుపు నీడబొమ్మగా మార్చి, చుట్టలా కలిపి, కాంతిని కరెంటుగా మార్చే కన్ను (ఫొటోసెల్) ముందు గిరగిరా తిప్పి మళ్ళీ విద్యుత్ సంకేతంగా చేసి ఫ్రీక్వెన్సీలు రాబట్టారు. మనం స్కానర్ అంటున్నదానికి అది ముత్తాత.

ఏఐ సంగతి. పనికొస్తుంది, సందేహం లేదు. గీతను కాగితం నుంచి, మరకల నుంచి, చేతిరాత నుంచి విడదీయడంలో యూ-నెట్ లాంటి, బొమ్మలో ఏ చుక్క దేనిదో గుర్తుపట్టే ఏఐ నెట్‌వర్కులు పాత పద్ధతుల కంటే బాగా చేస్తాయి. ఈసీజీ కాగితాల మీద ఈ పని జోరుగా సాగుతోంది, వైద్య సంకేతాల డేటాను అందరికీ పంచే ఫిజియోనెట్ వాళ్ళు 2024లో పెట్టిన పోటీ విషయమే ఈసీజీ బొమ్మలను డిజిటైజ్ చేయడం. కానీ ఈసీజీ కాగితానికి చదరాల గళ్ళుంటాయి, వేగం దాదాపు అన్నిచోట్లా సెకనుకు 25 మిల్లీమీటర్లే, గుండె మళ్ళీ మళ్ళీ ఒకే బొమ్మ గీస్తుంది. ఈఈజీలో పదహారు గీతలు, ఫిట్స్ వస్తే ఒకదాని ఇంట్లోకి ఇంకొకటి చొరబడతాయి. రెండు గీతలు అడ్డంగా దాటిన చోట దాటాక ఏది ఏదో మనిషికే తెలియని సందర్భాలుంటాయి. ఏఐకి నాకు తెలీదు అనడం రాదు, అక్కడ నమ్మేలా ఉండే ఒక గీత గీసి పెడుతుంది. అందంగా ఉంటుంది, ఆల్ఫాలాగే ఉంటుంది, ఆ పేషెంటు మెదడులో పుట్టినది మాత్రం కాదు. నాకు దీని మీదే భయం. కాబట్టి మీ ప్రాజెక్టులో మార్కులు కొట్టేయాలంటే గీత తెలియని చోట ఖాళీ అని రాసే పద్ధతి పెట్టండి, పూడ్చకండి.

శిక్షణకి డేటా ఎక్కడిదని అడుగుతారు. ఉల్టా చేయండి. ఇప్పుడు డిజిటల్ ఈఈజీలు ఉచితంగా బోలెడు దొరుకుతున్నాయి. వాటిని మీ ప్రోగ్రామే పాత కాగితంలా గీయాలి, పెన్ను వంపు పెట్టి, సిరా మందం పెట్టి, మడత, మరక, ఎర్ర గుండ్రం అన్నీ వేసి. సరైన జవాబు మీ చేతిలోనే ఉంది కాబట్టి నెట్‌వర్క్ ఎంత తప్పిందో కచ్చితంగా తెలుస్తుంది. ఈసీజీకి ఇలా నకిలీ కాగితాలు తయారుచేసే ఉచిత కిట్ ఇప్పటికే ఉంది, దాన్ని చూసి నేర్చుకోండి. ఒక్క మాట, మీ నకిలీ మరకల మీద 99 శాతం వచ్చిందని సంబరపడకముందు ఒక్క నిజం కాగితం తెచ్చి పరీక్షించండి.

ప్రశ్న: మా మావయ్యగారి పాత రికార్డు, 1983 నాటిది, నేనే కూర్చుని డిజిటైజ్ చేసి ఈడీఎఫ్ ఫైలుగా (ఈఈజీ లాంటి సంకేతాలను దాచే ఫార్మాట్) చేశాను. వ్యూయర్‌లో తెరిస్తే తేదీ 2083 అని చూపిస్తోంది. నా కోడ్‌లో తప్పు దొరకట్లేదు, రెండు వారాంతాలు పోయాయి. – డాలస్, అమెరికా

జవాబు: తప్పు మీ కోడ్‌ది కాదండీ, వారాంతాలకు నా సానుభూతి. ఈడీఎఫ్ ఫార్మాట్ 1992లో వచ్చింది, హెడర్‌లో (ఫైలు మొదట్లో వివరాలుండే భాగం) సంవత్సరానికి రెండే అంకెలు. 85 నుంచి 99 దాకా ఉంటే 1985–1999, 00 నుంచి 84 దాకా ఉంటే 2000–2084 అని నియమం పెట్టుకున్నారు. మీ 83 నేరుగా భవిష్యత్తులోకి పోయింది. 1985కి ముందు తీసిన కాగితాన్ని ఎవరో కూర్చుని ఈడీఎఫ్ చేస్తారని వాళ్ళకేం తెలుసు! 2003లో వచ్చిన ఈడీఎఫ్ ప్లస్‌లో రికార్డింగ్ వివరాల వరసలో నాలుగంకెల సంవత్సరం రాసే చోటుంది, అసలు తేదీ అక్కడా, విడిగా ఒక టెక్స్ట్ ఫైలులోనూ రాసి పెట్టండి. ఆ టెక్స్ట్ ఫైలులోనే కాగితం వేగం, సెన్సిటివిటీ, ఫిల్టర్లు, స్కాన్ డీపీఐ, వంపు సరిచేశారా లేదా కూడా రాయండి. అన్నట్టు ఆ ఫైలులో ఏదో ఒక చోట ఇది కాగితం నుంచి వచ్చింది అన్న మాట ఉండాలి, లేకపోతే రేపు దాన్ని తెరిచినవాళ్ళు మెదడు నుంచి నేరుగా వచ్చిందనుకుని 70 హెర్ట్జ్ దాకా వెతుకుతారు.

ప్రశ్న: ఆ కాగితం కంప్యూటర్‌లో పెడితే అప్పుడు వాళ్ళు ఏం ఆలోచించారో తెలుస్తుందా? – ఏడో తరగతి, తణుకు

జవాబు: తెలీదు తల్లీ. కళ్ళు మూశారా తెరిచారా, మగతగా ఉన్నారా, పళ్ళు కొరికారా అన్నవి తెలుస్తాయి. హోంవర్క్ ఎగ్గొట్టాలనుకుంటే ఈఈజీ పట్టుకోలేదు, మీ అమ్మ పట్టుకుంటుంది.

ప్రశ్న: స్కానింగ్ అంతా అయ్యాక ఆ కాగితాలను తూకానికి వేసేయవచ్చా? మాకు గది ఖాళీ కావాలి. – ఆసుపత్రి స్టోర్స్ ఉద్యోగి, ఊరు రాయలేదు

జవాబు: గది బాధ అర్థమైంది, కానీ తూకానికి వద్దు. ప్రతి కట్ట మీదా పేరు, వయసు, ఫిట్స్ అనో ఇంకోటనో రాసి ఉంటుంది. అది పొట్లం కాగితమై బజ్జీల బండి దగ్గర తేలితే, ఆ పేరున్న మనిషికి అప్పటికే పెళ్ళీ పిల్లలూ ఉద్యోగం ఉండి ఉంటాయి, మన ఊళ్ళల్లో ఫిట్స్ మాట ఎంత దూరం పోతుందో మీకు చెప్పక్కర్లేదు. స్కాన్ చేసిన ఫైళ్ళకూ ఇదే జాగ్రత్త. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కాగితం మీద సేకరించి తర్వాత డిజిటల్‌లోకి మార్చినవాటికీ వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది. కాబట్టి పరిశోధనకి ఇచ్చే కాపీలో పేరున్న పేజీ తీసేసి నంబరు వేయండి, పేరుకీ నంబరుకీ లంకె ఉన్న పుస్తకం వేరే బీరువాలో, తాళం వేసి. థీసిస్ వాళ్ళకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఎలాగూ కావాలి.

అనుమతి తీసుకుని నాశనం చేయాల్సి వచ్చినా ముక్కలు చేసే మిషన్‌లో వేయండి, అదీ డిజిటైజ్ చేసినవాళ్ళు స్కాన్‌లన్నీ సరిగ్గా వచ్చాయని సంతకం పెట్టాక. 36 మీటర్ల కట్టలో 118వ పేజీ వంకరగా పడిందని తెలిసేది సాధారణంగా కాగితం పోయిన మర్నాడే.